తార్నాక చౌరస్తాలో పచ్చమనిషి

వచ్చి పదకొండు రోజులు.
ఇంకా నా ప్యాంటు జేబులో లైప్‌జిగ్ ట్రాము టికెట్టు.
ఉతుకులో ముద్దై, ఆరి,
ఎండు రొట్టెముక్కలా గట్టిపడింది.
పారెయ్యబుద్ధి కాలేదు.

తార్నాకలో రోడ్డు దాటాలి.
సిగ్నల్ స్తంభం మీద మనిషి బొమ్మ ఉంది గానీ
వెలగడం ఎప్పుడో మానేసింది.
అయినా నా కాళ్లు ఆగిపోయాయి
దాని మాట కోసం.

అక్కడి బొమ్మకు టోపీ కూడా ఉండేది.
వెడల్పు అంచు టోపీ, చేతులు ఊపుకుంటూ
ఏదో పని మీద పోతున్నట్టు పెద్ద పెద్ద అంగలు.
ఒక రాత్రి రెండు గంటలకు, మంచులో,
బండి లేదు, కుక్క లేదు,
ఆ వైపు ఒక ముసలాయన, ఈ వైపు నేను,
బళ్లో గోడకుర్చీ వేయించినట్టు
ఎర్రబొమ్మ ముందు నిలబడ్డాం.
పచ్చ పడ్డాక నడిరోడ్డులో ఎదురయ్యాం.
ఆయన తల వంచాడు. నేనూ వంచాను.
ఆ రోజుకు మనిషితో నా ముచ్చట అంతే.

మొదటి క్లాసులో పేర్లు పిలుస్తూ
నా దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని
"జమ్మక్కా" అంది ప్రొఫెసరమ్మ.
వాళ్ల నోట్లో మొదటి స అట్లా మెత్తబడుతుందట.
ఉస్మానియాలో మూడేళ్లుగా నేను సమ్మూని.
హాస్టల్‌కు వచ్చిన రోజే నా పేరు నేనే కత్తిరించుకున్నాను,
మేడారం మొక్కు సంగతి ఎవరూ తవ్వకుండా.
అక్కడ, ఆ తప్పు పలుకులో,
చివరి అక్కతో సహా మొత్తం పేరు
ఒక గదిలో గట్టిగా వినపడింది.
సరిచెయ్యలేదు.
ఆరు నెలలు జమ్మక్కగానే తిరిగాను.

నేను చదవబోయింది బొగ్గు గుంతల గురించి.
ఊరి దక్షిణాన తవ్వి వదిలేసిన గుంతలకు
నీళ్లు పెట్టి సరస్సులు చేశారు.
ఆదివారం తెరచాప పడవలు, ఐస్‌క్రీము లైను.
మా మందమర్రిలో అయితే గుంతకు ముళ్లకంచె, తుప్పుపట్టిన బోర్డు.
ఒడ్డున కూర్చుంటే నాయిన గుర్తుకు రాలేదు,
నాయిన మోకాలి మీది నల్లమచ్చ ఒక్కటే వచ్చింది,
చర్మం కింద ఉండిపోయిన బొగ్గు.
ఈ నీళ్ల చోట ముందు ఏముండె అని అడిగితే
గైడు ఒక కాగితం ఇచ్చాడు.
ఊళ్ల పేర్లు. పక్కన సంవత్సరాలు.
దాన్ని ఇంకా ప్రాజెక్టులో ఎక్కడ పెట్టాలో తేలలేదు.

"ఏంది బిడ్డా, ఎవ్వల కోసం చూస్తున్నవ్?
ఇందాకట్నుంచి ఇక్కడ్నే ఉన్నవ్."
నెత్తిమీద కనకాంబరాల గంపతో ఒకామె.
వెలగని బొమ్మ కోసమని ఎట్లా చెప్పను?
"బండ్లు ఆగుతలేవు" అన్నాను.
"అవేడ ఆగుతయ్. మనం నడిస్తే ఆగుతయ్."

మణికట్టు పట్టేసింది.
తడి చెయ్యి, అరటినార గరుకు.
రెండో అరచెయ్యి నూట ఏడు నంబరు బస్సు మొహాన పెట్టింది.
బస్సు గుర్రుమంది, ఆగింది.
షేర్ ఆటో ఏదో తిట్టింది, ఆగింది.
డివైడర్ దగ్గరకు వచ్చేసరికి తెలిసింది,
ఆరు నెలలుగా నన్నెవరూ ముట్టుకోలేదని.
అక్కడ ఉన్నన్నాళ్లూ ఈ లెక్క తట్టలేదు.
నిజం చెప్పాలంటే, అక్కడ అది హాయిగానే ఉండేది.

"పేరేంది బిడ్డా?"
సమ్మూ పెదాల దాకా వచ్చింది.
"సమ్మక్క."
"మా అత్త పేరే. మా గయ్యాళిది"
అని నవ్వి, చెయ్యి వదిలి,
"మూర ఇరవై, తీస్కో" అంది.
జేబులో చెయ్యి పెడితే ముందు టికెట్టే తగిలింది.

ఆమె నాచారం వైపు పోయింది.
పూలు చేత్తో పట్టుకుని చూసుకుంటే
నాకు కావలసింది కోఠి బస్సు.
అది ఆగేది అవతలి వైపు,
నేను ఇందాక నిలబడ్డ చోటే.

మళ్లీ అంచుకొచ్చాను.
చెయ్యి ఎత్తాను.
ఎంత ఎత్తాలో
ఇంకా తెలియదు.